తన్నే కాలు, పడే ఒళ్ళు
– బాబూమోహన్ హాస్యం మీద కొన్ని మాటలు

తెలుగు సినిమా మీద దళిత బహుజన విమర్శ తక్కువేం రాలేదు. హీరోల కులాల గురించి రాశాం. స్టూడియోలు ఎవరివి, థియేటర్లు ఎవరి చేతుల్లో ఉన్నాయి అని రాశాం. కృష్ణుడి వేషం కట్టిన మనిషి ముఖ్యమంత్రి ఎట్లయ్యాడో రాశాం. ఆయన 1985, 1989, 1994లో వరసగా మూడుసార్లు గెలిచింది మా హిందూపురం నుంచే కాబట్టి ఆ కథ మా పక్క వాళ్ళకి ఇంకొంచెం దగ్గర. కానీ తెర మీద హీరోకి ఒక పక్కగా నిలబడి తన్నులు తినే మనిషిని మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. హాస్యం గదా, ఊరికే నవ్వుకునేది గదా అని వదిలేశాం. ఊరికే నవ్వుకునేది అంటూ ఏదీ ఉండదని వాడలో పుట్టిన ఎవర్ని అడిగినా చెప్తారు. రచ్చబండ మీద కాలక్షేపానికి పుట్టే మొదటి జోకు వాడ మీదే పుడుతుంది.

ఈ వ్యాసం బాబూమోహన్ గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, కోట శ్రీనివాసరావు కాలికీ బాబూమోహన్ నడుముకీ మధ్య జరిగిన దాని గురించి. 1990లలో తెలుగు సినిమా చూసిన వాళ్ళకి దీని వివరం చెప్పక్కర్లేదు. కోట ఒక పెద్దమనిషి. ఇంటి యజమానో, ఊరి పెద్దో, ఆఫీసరో. బాబూమోహన్ అతని పనివాడో, అసిస్టెంటో, బిచ్చగాడో. బాబూమోహన్ ఏదో ఒక మాట అంటాడు. కోటకి కోపమొస్తుంది. కాలు లేస్తుంది. బాబూమోహన్ ఎగిరి అవతల పడతాడు. హాలంతా నవ్వు. ఈ తన్ను ఒక సినిమాలో ఉంటే ఆ దర్శకుడి పైత్యం అనుకోవచ్చు. సినిమా తర్వాత సినిమాలో, దర్శకుడు మారినా, కథ మారినా, తన్ను మాత్రం మారకుండా పదేళ్ళ పాటు నడిచిందంటే అది ఒక వ్యవస్థ.

మనిషి సంగతి ముందు చెప్తాను. బాబూమోహన్ 1952లో పుట్టాడు. ఊరు ఖమ్మం జిల్లా బీరోలు. సినిమాల్లోకి రాకముందు రెవెన్యూ శాఖలో ఉద్యోగం. దీన్ని అందరూ ఒక్క ముక్కలో చెప్పి దాటేస్తారు. నాకు మాత్రం అక్కడ కాసేపు ఆగాలనిపిస్తుంది. రెవెన్యూ ఆఫీసంటే ఏమిటో మనకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. పట్టా అక్కడే, అడంగల్ అక్కడే, కులం సర్టిఫికెట్టూ అక్కడే. మా పెనుకొండ పక్క పల్లెల్లో భూమి లేని మనిషి జీవితంలో సగం ఆ ఆఫీసు అరుగు మీదే అయిపోతుంది. 1984 దాకా కరణం, మునసబు ఉద్యోగాలు వంశపారంపర్యంగా వచ్చేవి. ఆ చావడి ముందు మనవాడు తలారిగానో వెట్టిగానో నిలబడేవాడు గానీ లోపల కుర్చీలో కూచునే వాడు కాదు. రిజర్వేషన్ పుణ్యమా అని మొదటి తరం ఆ శాఖలోకి గుమస్తాలుగా, ఇతర ఉద్యోగులుగా అడుగుపెట్టింది. అక్కడ పనిచేసిన వాడికి ఒక చదువు ఉచితంగా వస్తుంది. పెద్దమనిషి లోపలికి రాగానే ఎవరి నడుం ఎంత వంగుతుంది, ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారు, మాట గొంతులోకి వచ్చి ఎట్లా ఆగిపోతుంది, ఇవన్నీ. బాబూమోహన్ తెర మీద చేసే పనిలో సగం ఈ వంగడమే. ముందుకు సాగే మెడ, ఒక పక్కకి పడే భుజం, ఎదుటివాడి చేతినీ కాలినీ ఒకేసారి కనిపెట్టే కళ్ళు. ఇవి నాటక పరిషత్తులో నేర్పేవి కావు.

ఆ తరం హాస్యనటులు ఎక్కణ్ణుంచి వచ్చారో చూడండి. బ్రహ్మానందం తెలుగు లెక్చరర్. ఎం.ఎస్. నారాయణ కూడా లెక్చరరే. ఏవీయస్ జర్నలిస్టు. కోట బ్యాంకు ఉద్యోగి. వీళ్ళకి మాట ఆయుధం. పద్యం, శ్లేష, సాగదీత, వెటకారం. జంధ్యాల 1987లో తీసిన ‘అహ నా పెళ్ళంట’ ఆ మాటల హాస్యానికి శిఖరం. అందులోని పిసినారి వేషంతో కోట, అరగుండు వేషంతో బ్రహ్మానందం ఇంటింటికీ తెలిశారు. 1990లకి వచ్చేసరికి హాస్యం నాలుక నుంచి ఒంటికి దిగింది. ఆ ఒళ్ళు ఎవరిది కావాలి? సరిగ్గా ఆ సమయానికి బాబూమోహన్ దొరికాడు. ‘ఈ ప్రశ్నకు బదులేది’, ‘ఆహుతి’, 1989లో ‘అంకుశం’ – వీటిల్లో చిన్న చిన్న వేషాలు. 1991లో వచ్చిన ‘మామగారు’లో బిచ్చగాడి వేషంతో పేరొచ్చింది. ముత్యాల సుబ్బయ్య దర్శకుడు, దాసరి నారాయణరావు ప్రధాన పాత్ర. పేరు నిలబెట్టింది మాత్రం కోట – బాబూమోహన్ జంట. అక్కణ్ణుంచి ఆ జంట లేకపోతే సినిమా అమ్ముడుపోదు అనే దాకా వెళ్ళింది వ్యవహారం.

1991 అన్నాను. ఆ ఏడాదే ఇంకొకటి జరిగింది.

గుంటూరు జిల్లా చుండూరు. జూలై 4. సినిమా హాలు. చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లోని రెడ్డి యువకుడికి తగిలింది. అంతే. కాలు తగిలింది. ఆ తగలడం నుంచి గొడవ, గొడవ నుంచి దళితుల మీద సాంఘిక బహిష్కారం, పనులు బంద్, చివరికి ఆగస్టు 6న వేట. ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకునే దాకా మనవాళ్ళు పోరాడారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టడం కొందరికి అతిగా అనిపించొచ్చు. సినిమా వేరు, చుండూరు వేరు అనొచ్చు. కానీ చుండూరు మొదలైందే సినిమా హాల్లో గదా. చీకట్లో, అందరూ తెరకేసి చూస్తున్నప్పుడు, దళితుడి కాలు పొరపాటున ముందుకు చాచుకుంది. అదే ఏడాది, అదే రాష్ట్రంలో, హాళ్ళల్లో తెర మీద ఇంకో కాలు లేచింది. ఆ కాలు కావాలని, బలంగా, పదేపదే ఒక మనిషిని తంతోంది. దానికి చప్పట్లు. ఒక కాలు తగిలితే ఎనిమిది శవాలు. ఇంకో కాలు తంతే వందరోజుల ఆట. దర్శకులు ఈ సంగతి తెలిసి తీశారని నేననడం లేదు. ఆధిపత్య సంస్కృతికి కుట్ర చేయాల్సిన అవసరమే ఉండదు, అలవాటు చాలు. ఏ కాలు ఎటు లేవాలో, ఏ ఒళ్ళు ఎట్లా పడాలో ఈ సమాజానికి ఎవరూ నేర్పక్కర్లేదు. దర్శకుడు కెమెరా పెట్టేసరికే అది అక్కడుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. సినిమాలో ఆ బిచ్చగాడు దళితుడని ఎక్కడ చెప్పారు? నిజమే, చెప్పలేదు. ఆ పాత్రలకి కులం లేదు. ఇంటి పేరు లేదు, వాడ లేదు, తల్లిదండ్రులు లేరు. కులం లేకపోవడమే ఇక్కడ అసలు పని చేసింది. 1989లో అట్రాసిటీ చట్టం వచ్చింది, 1990 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. వీధిలో ఆ తన్ను తంతే స్టేషన్‌కి పోవచ్చు, కనీసం పోవచ్చనే ధైర్యం అయినా వచ్చింది. తెర మీది మనిషికి కులం సర్టిఫికెట్ లేదు కాబట్టి కేసు లేదు. కానీ ప్రేక్షకుడికి సర్టిఫికెట్ దేనికి? నల్లటి ఒళ్ళు, బక్క కాళ్ళు, చినిగిన చొక్కా, వంగిన నడుము చూశాక ఊరివాడికి ఇంకేం చెప్పాల? పేరు తీసేసి గుర్తులన్నీ ఉంచారు. పాతకాలం సినిమాలు కనీసం ‘హరిజనుడు’ అని పెట్టి రెండు కన్నీళ్ళు కార్చేవి. 90ల హాస్యానికి ఆ మొహమాటం కూడా లేకుండా పోయింది.

నేను ఈ సినిమాలు మొదట చూసింది థియేటర్లో కాదు. మా ఊళ్ళో అప్పట్లో కలర్ టీవీ ఒకటే. అది ఉన్న ఇంటి వాకిట్లో, మెట్ల కింద, మా వాడ పిల్లలం కూచునేవాళ్ళం. వాళ్ళ పిల్లలు లోపల చాప మీద. తలుపు తెరిచి పెట్టేవాళ్ళు, అది వాళ్ళ మంచితనం. కోట తన్నినప్పుడు లోపల నవ్వేవాళ్ళు, బయట మేమూ నవ్వేవాళ్ళం. ఒకే జోకు, రెండు నవ్వులు. లోపలి నవ్వు ఆగిపోయేది. బయటి నవ్వు ఎందుకో ఇంకో రెండు క్షణాలు సాగేది. బాబూమోహన్ లేచి, దుమ్ము దులుపుకొని, ఇంకో మాట అంటాడు గదా, ఆ మాట కోసం మేం ఎదురుచూసే వాళ్ళం. దాని గురించి కాసేపట్లో చెప్తాను.

స్కూల్లో సంగతి వేరు. నల్లగా, సన్నగా ఉన్న ప్రతి వాడపిల్లోడి పేరు బాబూమోహనే. ఆ పేరు పెట్టింది పిల్లలైతే మర్చిపోదుం. పెట్టింది ఒక అయ్యవారు. "లేవరా బాబూమోహన్" అంటాడు, క్లాసంతా నవ్వుతుంది, లేచినవాడు లెక్క మర్చిపోతాడు. ఆ పేరు పడిన వాళ్ళల్లో ఇద్దరు ఏడో తరగతి దాటలేదు. బడి మానడానికి పేరొక్కటే కారణమని చెప్పను. కరువు, బెంగళూరు పాసింజరు, అక్కడి బేల్దారి పని కూడా కారణాలే. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, మూడూ ఒకే రైలు దారి మీద ఊళ్ళు. ఆ దారి మా పిల్లల్ని కూలికి తీసకపోయినంత సులువుగా కాలేజీకి తీసకపోలేదు. కానీ తెర మీది తన్ను తెర మీదే ఆగదు అని చెప్పడానికి ఆ క్లాసురూం నాకు చాలు.

తన్నులాట హాస్యం లోకమంతా ఉంది గదా, అందులో కులమేంది అని అడిగే మిత్రులున్నారు. మంచి ప్రశ్న. చాప్లిన్ సినిమాలు చూడండి. ఆ దేశదిమ్మరి తన్నులు తింటాడు. కానీ తంతాడు కూడా. పోలీసోడి వెనక్కి వెళ్ళి తన్ని పరిగెత్తుతాడు. డబ్బున్నవాడి నెత్తిన ఏదో పడేస్తాడు. తన్ను పైకీ పోతుంది, కిందికీ పోతుంది. దిక్కుమాలినవాడు పైవాణ్ణి తన్నడమే అక్కడ నవ్వుకి మూలం. మన జంట హాస్యంలో తన్ను ఒక్క దారిలోనే పోతుంది. అంబేడ్కర్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానత ఇదే. హీరో కోటని తంతాడు, కోట బాబూమోహన్‌ని తంతాడు, బాబూమోహన్ ఎవర్నీ తన్నడు. తన్నడానికి అతని కింద మెట్టు లేదు. ఉందంటే ఆ పాత్ర భార్య ఉంది. కొన్ని సినిమాల్లో ఆ పని కూడా చేయించారు, అది ఇంకో వ్యాసం.

లోకం దాకా పోవద్దు. ధర్మవరం పక్కన నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాటలో రామాయణ ఘట్టం మధ్యలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క దిగుతారు. బూతు, తన్నులు, వెటకారం. పెద్దోళ్ళు ఆ భాగాన్ని ‘మోటు’ అంటారు. కానీ ఆ మోటుదనంలో ఒక న్యాయం ఉంది. కేతిగాడు ఎవరి మధ్యనైనా దూరతాడు, ఎవరినైనా కొడతాడు, ఎవరి చేతనైనా తింటాడు. అతనికి యజమాని లేడు. రావణుడు ఆడినంత తెర మీదే కేతిగాడూ ఆడతాడు. తెల్లారేదాకా మెలకువగా కూచోబెట్టేది కేతిగాడే గానీ రాముడు కాదని ఆడించేవాళ్ళకి బాగా తెలుసు. (ఒక మాట మధ్యలో. తోలు ఊనిన చెయ్యి అంటరానిది. అదే తోలుతో చేసిన రాముడికి మాత్రం హారతి. ఈ దేశం హాస్యం గురించి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలీదు.)

ఇంకొక హాస్యం కూడా మా పక్కదే. తళ్ళికోట యుద్ధం 1565లో అయ్యాక విజయనగర రాజులకి మా పెనుకొండే రాజధాని. ఆ రాజ్యం వికటకవి తెనాలి రామకృష్ణుడి కథలు బడి పుస్తకాల దాకా వచ్చాయి. అతను రాజుని ఎగతాళి చేస్తాడు, గురువుని ఎగతాళి చేస్తాడు, చివర్న బహుమానం పట్టుకొని ఇంటికి పోతాడు. ఏ కథలోనూ రాజు అతన్ని తన్నినట్టు లేదు, కోపమొస్తే శిక్ష వేస్తాడు, అతను తెలివితో తప్పించుకుంటాడు. బ్రాహ్మణుడి హాస్యానికి తెలివి అని పేరు. మిగతా వాళ్ళ హాస్యానికి చేష్ట అని పేరు.

జానీ లీవర్‌ని కూడా ఇక్కడే తలుచుకోవాలి. ప్రకాశం జిల్లా కనిగిరి మూలం, 1957లో పుట్టాడు. తెలుగు క్రైస్తవ కుటుంబం. పెరిగింది బొంబాయి ధారావిలో. ఏడో తరగతితో చదువు ఆగింది. వీధుల్లో సినిమావాళ్ళ గొంతులు అనుకరిస్తూ పెన్నులు అమ్మాడు. తర్వాత హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలో కూలి. కంపెనీ సభలో ఒకసారి పై అధికారుల్ని అనుకరించి చూపిస్తే కార్మికులు విరగబడి నవ్వారు, ఆ కంపెనీ పేరే ఇంటిపేరై కూచుంది. చూడండి, ఆ నవ్వు ఎటు పోయింది? కింద నుంచి పైకి. కూలోడు ఆఫీసర్ని చేసి చూపించాడు. హిందీ సినిమా తర్వాత అతన్నీ నౌకరు వేషాల్లోకి, వెకిలి చూపుల్లోకి దించింది, అది నిజం. కానీ పుట్టుకలో ఆ హాస్యం కార్మికుడిది. బాబూమోహన్‌కి తెలుగు సినిమా అటువంటి వేదిక ఒక్కటి ఇచ్చి ఉంటే, రెవెన్యూ ఆఫీసులో చూసిన దొరల్ని చేసి చూపించమని ఉంటే, ఏమొచ్చేదో ఊహించండి. అతని కళ్ళల్లో ఆ సరుకు కనిపిస్తూనే ఉంటుంది. అడిగినవాడు లేడు.

ఇంతకుముందు చెప్తానన్న మాట దగ్గరికి వస్తాను. తన్నుని మాత్రమే చూస్తే బాబూమోహన్‌ని మనం కూడా తన్నినట్టే. ఆ సీన్లని మళ్ళీ మళ్ళీ చూడండి. ఎవరికి తెలివుంది? కోట చేసే పెద్దమనిషి ఏదో దొంగతనం చేస్తుంటాడు, ఏదో దాస్తుంటాడు, గొప్పలు పోతుంటాడు. బాబూమోహన్ నిజం చెప్పేస్తాడు. అమాయకంగానో, అమాయకత్వం నటిస్తూనో, అందరి ముందు చెప్పేస్తాడు. కోట దగ్గర జవాబు ఉండదు. మాటకి జవాబు లేనప్పుడు కాలు లేస్తుంది. ఇది సినిమా సూత్రం కాదు, ఊరి సూత్రం. 1985లో కారంచేడులో ఏం జరిగింది? మాదిగపల్లె తాగే చెరువు నీళ్ళని పాడు చేస్తుంటే ఇదేందని అడిగారు. ఒక మాదిగ యువతి బిందె ఎత్తింది. ఎదురుమాట. దాని వెనకాల గొడ్డళ్ళు. ఎదురుమాటకి ఊరు ఎప్పుడూ మాటతో బదులివ్వలేదు.

బాబూమోహన్ నటనలో గొప్పదనం నా లెక్కలో తన్ను తిన్నాక ఉంటుంది. పడతాడు. లేస్తాడు. ఏడుపు గొంతుతో, సగం తనలో తాను, సగం మనతో, ఏదో గొణుగుతాడు. ఆ గొణుగుడులో ఒప్పుకోలు ఉండదు. "తంతే తన్నావు గానీ నేనన్నది నిజమే గదా" అన్న మొండితనం ఉంటుంది. మళ్ళీ అదే మాట ఇంకో రకంగా అంటాడు, మళ్ళీ తంతారు. వాకిట్లో కూచున్న పిల్లల నవ్వు సాగింది ఆ గొణుగుడు కోసమే. అది మాకు తెలిసిన గొంతు. మా జేజి దొరసాని ఇంటినుంచి తిరిగొస్తూ దారి పొడుగునా అట్లాగే గొణిగేది. పైకి వినబడని తిరుగుబాటు అని పెద్ద మాట వాడను. తిరుగుబాటు కాదది. కానీ లొంగిపోవడం కూడా కాదు. స్క్రిప్టులో తన్ను వరకే ఉంటుంది. గొణుగుడు నటుడు తెచ్చుకున్న సొంత ఆస్తి అని నా అభిప్రాయం.

1993లో ‘మాయలోడు’ వచ్చింది. ఎస్వీ కృష్ణారెడ్డి సినిమా. అందులో సౌందర్యతో వాన పాట ఉంది. పక్కన హీరో కాదు, బాబూమోహన్. పాట పెద్ద హిట్టు. మన యువకులు ఎగబడి చూశారు. ఎందుకు ఎగబడ్డారో వేరే చెప్పాలా? నల్లటి బక్క మనిషి, తెల్లటి హీరోయిన్, వాన, ఎవరూ తన్నలేదు. పాట ఉన్నంతసేపు కాలు లేవలేదు. కానీ ఆ స్వేచ్ఛ ఏ షరతు మీద దొరికిందో కూడా చూడాలి. అది జోకు అన్న షరతు మీద. ఇది నిజం కాదు, జరిగేది కాదు, కాబట్టి నవ్వండి అన్న ఒప్పందం మీద. మరుసటేడు ‘శుభలగ్నం’లో అదే పాటని అదే సౌందర్యతో అలీ మీద తీశారు. ఒకసారి దళితుడు, ఒకసారి ముస్లిం. హీరోయిన్ పక్కన నిలబడితే చాలు నవ్వు పుట్టే మనుషులు ఎవరో దర్శకుడికి లెక్క తెలుసు. జోకు కాకుండా నిజంగా నిలబడితే ఏమవుతుందో 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో, ఆస్పత్రి గేటు ముందు, గర్భిణి భార్య కళ్ళ ముందు ప్రణయ్‌ని నరికినప్పుడు చూశాం.

‘పెదరాయుడు’ (1995) గురించి ఎక్కువ చెప్పను. బ్రహ్మానందం, బాబూమోహన్ హాస్యం అందులో పక్కవాద్యం. అసలు కథలో ఊరి పెద్ద తీర్పు చెప్తాడు, ఒక కుటుంబాన్ని ఊరు వెలి వేస్తుంది, జనం చేతులెత్తి మొక్కుతారు. చుండూరు వెలి జరిగి నాలుగేళ్ళు. వెలి అనే మాటకి అంత సంగీతం, అంత గంభీరం ఇచ్చిన సినిమాలో, మధ్య మధ్యలో మనం నవ్వి తేలికపడ్డానికి బాబూమోహన్‌ని పెట్టారు. హాస్యనటుడి పని అదే మరి, తీర్పు గొంతు దిగడానికి నీళ్ళు పోయడం.

ఇక రాజకీయం. 1998 ఉప ఎన్నికలో ఆందోల్ నుంచి తెలుగుదేశం తరఫున గెలిచాడు. 1999లో మళ్ళీ గెలిచాడు. ఆందోల్ ఎస్సీ రిజర్వుడు సీటు. ఇక్కడ హిందూపురం వాడిగా నాకొక పోలిక కనబడుతుంది. హిందూపురం జనరల్ సీటు. అక్కడ ఎన్టీఆర్ గెలిచాడు, ఆయన పోయాక 1996లో హరికృష్ణ గెలిచాడు, 2014, 2019, 2024లో బాలకృష్ణ గెలిచాడు. హీరోలకి జనరల్ సీటు ఇంటి ఆస్తిలా తరం నుంచి తరానికి వస్తుంది. పక్కనే మడకశిర 2009 ఎన్నికల నుంచి ఎస్సీ సీటు. ఆ గీత దాటి ఇవతల ఎస్సీ అభ్యర్థిని పార్టీలు ఊహించనైనా ఊహించవు. తెర మీద ఉన్న వరసే బ్యాలెట్ మీదా ఉంది. హీరోకి జనరల్, జోకరుకి రిజర్వుడు.

అయినా ఒక చిత్రం జరిగింది. 1999లోనే కోట శ్రీనివాసరావు కూడా విజయవాడ తూర్పు నుంచి బీజేపీ తరఫున గెలిచాడు. రెండు పార్టీలూ అప్పుడు పొత్తులో ఉన్నాయి. తన్నినాయనా, తన్నించుకున్నాయనా ఒకే శాసనసభలో కూచున్నారు. తన్నినాయన ఎమ్మెల్యేగానే ఉన్నాడు. తన్నించుకున్నాయన చంద్రబాబు మంత్రివర్గంలో కార్మిక శాఖ మంత్రి అయ్యాడు. అసెంబ్లీలో కోట లేచి ‘గౌరవ మంత్రిగారూ’ అని పిలవాల్సిన పరిస్థితి. మన వాడల్లో దీన్ని ఎంత సంబరంగా చెప్పుకున్నారో! అంబేడ్కర్ రాసిన రాజ్యాంగం అంటే ఇదిరా అన్నారు. అది నిజమే, ఆ సంబరాన్ని నేను తక్కువ చేయను. కానీ మంత్రి అయ్యాక కూడా టీవీలో పాత సినిమా వస్తే తన్ను తన్నే. పదవి తెర మీది ఒంటిని మార్చలేకపోయింది. ప్రపంచ బ్యాంకు సంస్కరణల కాలంలో ఆ కార్మిక శాఖ కార్మికుడికి ఏం చేసిందన్నది ఇంకో ప్రశ్న. దళితుడు మంత్రి కాబట్టి ఆ ప్రశ్న అడక్కూడదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

2004లోనూ 2009లోనూ ఓడాడు. 2014లో టీఆర్ఎస్ నుంచి ఆందోల్‌లోనే గెలిచాడు. 2018లో ఆ పార్టీ టికెట్ ఇవ్వలేదు, బీజేపీలోకి పోయాడు, ఓడాడు. ఇన్ని పార్టీలు తిరిగాడని మనవాళ్ళే ఎగతాళి చేస్తారు. అగ్రకుల నాయకుడు పార్టీ మారితే వ్యూహం. రిజర్వుడు సీటు నాయకుడు మారితే కామెడీ.

మన విద్యార్థులు ఇప్పుడు పీహెచ్‌డీలు చేస్తున్నారు. కథ మీద, కవిత్వం మీద, ఆత్మకథ మీద. మంచిదే. కానీ మన అమ్మానాన్నలు చదివిన పుస్తకాలు తక్కువ, చూసిన సినిమాలు ఎక్కువ. వాళ్ళని అడిగి రాయండి. నేల టికెట్టు మీద కూచుని ఆ తన్ను చూసినప్పుడు ఏమనిపించిందో అడగండి. నేను అడిగిన ఒక పెద్దాయన, హిందూపురం మార్కెట్లో మూటలు మోసి బతికినాయన, "ఆయప్ప పడేది చూసి నవ్వినామప్పా. మేమేం తక్కువ పడినామా" అన్నాడు. ఇంకొకామె, ధర్మవరంలో మగ్గాల ఇళ్ళల్లో అంట్లు తోమేది, "ఆ కోటాయన్ని సూస్తే మా సావుకారే" అంది. నవ్వలేదు ఆమె. ఒకే సీను, ఇద్దరు మనుషులు. ఈ రెండు మాటల్ని కలిపి చూసే విమర్శ మనకింకా రాలేదు.

2025 జూలై 13న కోట శ్రీనివాసరావు పోయాడు. గొప్ప నటుడు, అందులో నాకు ఏ అనుమానమూ లేదు. దొరతనంలోని నీచత్వాన్ని అంత నిజంగా చేసి చూపించినవాడు తెలుగులో తక్కువ. బాబూమోహన్ ఏడ్చాడు. అది నటన కాదు, ఆ ఇద్దరి మధ్య ముప్పై ఏళ్ళ స్నేహం ఉంది. దాని జోలికి వెళ్ళే హక్కు మనకి లేదు. ఆ రోజంతా టీవీలు, ఫోన్లు నివాళి కింద పాత కామెడీ సీన్లు తిప్పాయి. పెనుకొండ బస్టాండు టీ అంగడి దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు ఫోన్లో అవే చూస్తున్నారు. వాళ్ళ ఫోన్లో బాబూమోహన్ పడ్డాడు, లేచాడు, ఏదో అనబోయాడు. క్లిప్పు అక్కడికే కత్తిరించారు.